డ్యూటీ లోపలే ఆ పది నిమిషాలు



ఈమధ్య మన ఓ.పి.కి వచ్చేవారు వరండాలో ఒక వింత చూస్తున్నారు. ఉదయం పదిన్నర ప్రాంతంలో నలుగురైదుగురు నర్సులు, ఒకరిద్దరు ఆయాలు, ల్యాబ్ అబ్బాయి వరుసగా నిలబడతారు. మోకాళ్ళు కొంచెం వంచి, చేతులు చాలా నెమ్మదిగా భుజాల ఎత్తుకు లేపి, అంతే నెమ్మదిగా దించుతారు. పాట ఉండదు, లెక్క పెట్టే గొంతు ఉండదు. పది నిమిషాలయ్యాక ఎవరి వార్డుకు వారు వెళ్ళిపోతారు. మొన్న ఒక పెద్దాయన బెంచీ మీద కూర్చుని అంతా చూసి, "ఏటమ్మా సిస్టరమ్మా, మీ పిల్లలు నీటిలో ములిగినోళ్ళలాగ అలా కదుల్తన్నారేటి? ఒంట్లో బాగులేదేటి?" అని అడిగారు. బాగానే ఉందని, బాగా ఉండడం కోసమే చేస్తున్నారని చెప్పాను. ఆయన అంతగా నమ్మినట్టు లేదు.

దాని పేరు తాయ్ చీ. చైనా దేశపు వ్యాయామం. మన దగ్గర శిక్షణ పొంది సింగపూర్‌లో నర్సుగా పనిచేస్తున్న ఒక అమ్మాయి సెలవుకు వచ్చినప్పుడు మాకు నేర్పింది. అక్కడ ఉదయం పూట పార్కుల్లో డెబ్బై ఎనభై ఏళ్ళవారు కూడా గుంపులుగా చేస్తారట. ఆ అమ్మాయి నేర్పినవి నాలుగైదు కదలికలు మాత్రమే. వాటితోనే మేము నడుపుకొస్తున్నాం.

అయితే తాయ్ చీ గొప్పదని చెప్పడానికే నేను ఈ వ్యాసం రాయడం లేదు. ఉద్యోగుల ఆరోగ్యం కోసమని ఏ వ్యాయామం పెట్టినా, తాయ్ చీ కానివ్వండి, యోగా కానివ్వండి, పాత కాలపు డ్రిల్లు కానివ్వండి, దాన్ని డ్యూటీ సమయంలోనే పెట్టాలి. జీతం ఇచ్చే గంటల్లోంచి ఇవ్వాలి. మనిషి నిద్రలోంచి, భోజనం వేళలోంచి, ఇంటికి వెళ్ళే దారిలోంచి కోసి ఇచ్చేది ఆరోగ్య కార్యక్రమం కాదు. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానో చెప్పాలంటే నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

పన్నెండు, పదమూడేళ్ళ క్రితం నేను పట్నంలో ఒక పెద్ద ఆసుపత్రిలో వార్డు ఇన్‌చార్జిగా పనిచేశాను. పేరు అనవసరం. అక్కడి యాజమాన్యానికి సిబ్బంది ఒత్తిడి తగ్గించాలని ఆలోచన వచ్చింది. ఆలోచన మంచిదే. ఒక శిక్షకుణ్ణి పిలిచారు, బ్యానరు కట్టారు, ఫొటోలు తీశారు. తరగతి మాత్రం ఉదయం ఎనిమిదింబావుకు పెట్టారు. అంటే రాత్రి ఎనిమిదికి వచ్చి పన్నెండు గంటలు డ్యూటీ చేసినవారు చార్జి అప్పగించి, ఇంటికి వెళ్ళకుండా మరో నలభై నిమిషాలు ఆగాలి. పగటి డ్యూటీవారిని వార్డు వదలనివ్వరు కదా! కాబట్టి హాజరు కావలసింది రాత్రివారే. హాజరు పట్టీలో సంతకాలు తీసుకునే పని నాది. "సిస్టర్, కళ్ళు మూతలు పడుతున్నాయి, ఈరోజు వదిలేయండి" అని ఒక అమ్మాయి అడిగింది. అందరికీ ఒకటే రూలు అన్నాను. నలభై నిమిషాలు ఆమె చేతులు ఎత్తింది, దించింది. తర్వాత స్కూటీ మీద ఇంటికి వెళ్తూ కునుకు పట్టి డివైడరును కొట్టింది. ప్రాణం దక్కింది. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టుతో ఉంది, ఆ ఆరు వారాలూ జీతం లేదు. నర్సుకు కుడిచెయ్యి అంటే ఏమిటో నేను వేరే చెప్పనక్కర్లేదు.

ఆ తరగతిలో తప్పేమీ నేర్పలేదు. కదలికలు మంచివే. పెట్టిన వేళ చెడ్డది. ఆ వేళను ప్రశ్నించకుండా సంతకాలు తీసుకున్నది నేను.

ఇక అసలు విషయానికి వస్తాను. నేను డిప్లొమా నర్సును, పరిశోధకురాలిని కాను. కాని ముప్పై ఏళ్ళుగా నడుము నొప్పితో వచ్చే మనుషుల్ని చూస్తున్నాను, అందులో సగం మంది నా నర్సులే. ట్రైనింగులో మొదటి సంవత్సరమే మాకు చెప్పేవారు: రోగిని లేపేటప్పుడు పాదాలు ఎడంగా పెట్టు, మోకాళ్ళు వంచు, వెన్ను వంచకు, బరువును ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చు అని. పరీక్షలో అందరం రాశాం. వార్డులో రెండో నెల నుంచే మరిచిపోయాం. తాయ్ చీ మొదటిసారి చూసినప్పుడు నాకు అదే పాఠం గుర్తొచ్చింది. అందులో పెద్ద రహస్యం ఏమీ లేదు. పాదాలు ఎడంగా, మోకాళ్ళు కొంచెం వదులుగా, నడుము నుంచి తిరగడం, బరువు ఒక కాలి నుంచి మరో కాలికి నిదానంగా మార్చడం. భీమిలి రేవులో విసురువల విసిరే మనిషిని చూడండి. బలమంతా భుజంలో ఉండదు, నడుము తిరగడంలో ఉంటుంది. చేతులు దాని వెంట వస్తాయి. తాయ్ చీ కూడా అంతే, కాకపోతే పదింతలు నెమ్మది.

ఇది చైనాలో హెనాన్ రాష్ట్రంలోని చెన్ వంశీకుల గ్రామంలో 17వ శతాబ్దంలో ఆత్మరక్షణ విద్యగా మొదలైందని చెబుతారు. అందరూ నేర్చుకోవడానికి వీలుగా 1956లో అక్కడి క్రీడా శాఖ 24 భంగిమలతో ఒక చిన్న క్రమం తయారుచేసింది. 2020 డిసెంబరులో యునెస్కో దీన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అయితే ఏదైనా పాతది కాబట్టి మంచిది అని నేను అనను. పాత వాటిలో పనికిరానివి ఎన్నో ఉన్నాయి. పుండు మీద పేడ రాయడం కూడా పాతదే.

పరీక్షించి చూసినవారు ఏమన్నారు అన్నది ముఖ్యం. అమెరికాలోని ఓరెగాన్‌లో పార్కిన్సన్ జబ్బు ఉన్న 195 మందిని మూడు జట్లుగా చేసి, వారానికి రెండుసార్లు చొప్పున ఆరు నెలలు వ్యాయామం చేయించారు. తాయ్ చీ చేసిన జట్టుకు నిలకడ బాగా కుదిరింది, కిందపడడం తగ్గింది. 2012లో ఆ ఫలితాలు ప్రచురించారు. వృద్ధులు పడిపోకుండా ఏ వ్యాయామం కాపాడుతుందో అనేక అధ్యయనాలను కలిపి 2019లో కాక్రేన్ సంస్థ లెక్క కడితే, తాయ్ చీ వల్ల పడిపోవడం దాదాపు 19 శాతం తగ్గినట్టు తేలింది. తుంటి ఎముక విరిగి మంచం పట్టిన అవ్వలను చూసినవారికి ఈ 19 శాతం చిన్న సంఖ్యగా కనిపించదు. 2024లో చైనాలో రక్తపోటు కొంచెం ఎక్కువగా, ఇంకా మందుల దాకా రాని 342 మందిని ఏడాది పాటు చూశారు. వారానికి నాలుగు రోజులు గంటసేపు తాయ్ చీ చేసినవారికి పై సంఖ్య సగటున 7 పాయింట్లు తగ్గింది. వేగంగా నడవడం, సైకిలు తొక్కడం వంటివి చేసినవారికి 4 పాయింట్లకు కొంచెం పైగా తగ్గింది. దీన్ని చదివి ఎవరూ బి.పి. మాత్రలు ఆపవద్దు. వారికి మాత్రలు మొదలుకాలేదు, మీకు మొదలయ్యాయి. తేడా గమనించండి.

నా మనసుకు దగ్గరైన అధ్యయనం మాత్రం చాలా చిన్నది. అమెరికాలోని వెర్మాంట్‌లో 11 మంది నర్సులు, అందరూ ఆడవారే, సగటు వయసు 54. అంటే నా ఈడువారు. వీరిలో కొందరికి 15 వారాలు పనిచోటనే వారానికొక తరగతి తాయ్ చీ నేర్పించి, ఇంటి దగ్గర వారానికి నాలుగు రోజులు పదేసి నిమిషాలు చేయమన్నారు. మిగతావారు మామూలుగా ఉన్నారు. ఆ 15 వారాల్లో తాయ్ చీ జట్టువారు చెప్పకుండా మానేసిన గంటలు సున్నా. రెండో జట్టువారివి 49 గంటలు. 2012లో ఇది వెలువడింది. పదకొండుగురితో ఏదీ రుజువు కాదు, నిజమే. ఒక్కరికి జ్వరం వస్తే లెక్క మారిపోతుంది. కాని ఉదయం ఏడు నలభైకి ఫోను మోగి, "సిస్టర్, నడుము పట్టేసింది, రాలేను" అన్న మాట విని, ముప్పై మంచాల వార్డుకు ఎవరిని పంపాలా అని తల పట్టుకునే నాలాంటివారికి ఆ 49 గంటలు ఎంత బరువో తెలుసు.

ఇక్కడ మా ఆయా ఒకామె అడిగిన ప్రశ్న చెప్పాలి. "అమ్మగారూ, పొద్దుటేల నుంచి నాలుగు వార్డులు తుడిసినాను, బకెట్లు మోసినాను. నాకింకా ఎక్సర్‌సైజేటండి?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాని ఆ ప్రశ్నలో నిజం ఉంది. ఉపాధి పనికి వెళ్ళేవారు, ఇటుక బట్టీలో పనిచేసేవారు, పోర్టులో బస్తాలు మోసినవారు అందరూ ఇదే అడుగుతారు.

డెన్మార్క్‌లోని కోపెన్‌హేగన్‌లో లక్ష మందికి పైగా మనుషుల్ని ఏళ్ళ తరబడి చూసి 2021లో ఒక ఫలితం చెప్పారు. తీరిక వేళల్లో ఒళ్ళు కదిలించేవారికి గుండెజబ్బులు తక్కువ. పనిలో భాగంగా బాగా బరువైన శ్రమ చేసేవారికి మాత్రం ఎక్కువ. రెండూ కదలికే కదా అనిపిస్తుంది. కాని బకెట్టు మోసేవారికి ఎప్పుడు ఆగాలన్నది వారి చేతుల్లో ఉండదు. గంటల తరబడి నాడి పెరిగే ఉంటుంది, ఒకే కండరం మీద బరువు పడుతూ ఉంటుంది, కోలుకునే సమయం దొరకదు. పైగా కష్టపడి పనిచేసేవారికే సాధారణంగా జీతం తక్కువ, నిద్ర తక్కువ, తిండి తక్కువ. అదీ కలుస్తుంది. అందుకే ఆయమ్మకు నేను ఇచ్చిన జవాబు ఏమిటంటే, "నీకు కావలసింది ఇంకొంచెం శ్రమ కాదు, నీ ఒంటిని నీ చెప్పుచేతల్లో ఉంచుకునే పది నిమిషాలు" అని. ఆమెకు ఆ వాక్యం అర్థమైందో లేదో గాని, పది నిమిషాలు అన్న మాట అర్థమైంది. బకెట్టు పక్కన పెట్టి వచ్చి నిలబడింది.

కూర్చుని పనిచేసేవారి బాధ వేరు. 1953లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు లండన్ నగరపు రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించాడు. రోజంతా సీటులో కూర్చునే డ్రైవర్లకు గుండెజబ్బు ఎక్కువగా, మెట్లెక్కి దిగుతూ టిక్కెట్లు కొట్టే కండక్టర్లకు తక్కువగా ఉన్నట్టు చూశాడు. ఒకే బస్సు, ఒకే జీతాల తరగతి, పని భంగిమ మాత్రం వేరు. మధురవాడ, రుషికొండ వైపు కంప్యూటరు ఉద్యోగాలకు వెళ్ళే మన పిల్లలు ఆ డ్రైవరు సీటులోనే ఉన్నారు. పాతికేళ్ళకే మెడ నొప్పి అని వస్తున్నారు.

సంఘ కుటుంబాల్లో కొందరు ఇంకో సందేహం అడిగారు, దానికీ జవాబు చెప్పాలి. "ఇది వేరే మతానిది కాదా?" అని. దీని వెనక ఉన్న ప్రాణశక్తి అన్న భావన చైనావారి తాత్త్విక చింతనలోంచి వచ్చింది. మేము దాన్ని నేర్పడం లేదు. మోకాలు వంచడం, బరువు మార్చడం, ఊపిరి వదలడం నేర్పుతున్నాం. పాస్టరుగారు ఒకరోజు వచ్చి చూసి, చివర్లో తానూ రెండు కదలికలు చేసి, "సిస్టర్, నా మోకాలికి ఇది పనికొస్తుందా?" అని అడిగారు. అయినా ఎవరి మనస్సాక్షి అయినా ఒప్పుకోకపోతే వారిని బలవంతం చేయము. ఆ పది నిమిషాలు వారు కుర్చీలో కూర్చుని టీ తాగవచ్చు. వ్యాయామం చేయకపోయినా విరామం వారిదే. ఇది నేను పట్టుబట్టి పెట్టించిన నియమం.

ఇప్పుడు మన విశాఖ సంగతి. 2025 జూన్ 21న అంతర్జాతీయ యోగా దినోత్సవం మన తీరాన జరిగింది. ఆర్.కె. బీచ్ నుంచి భీమిలి వైపు మైళ్ళ పొడవున చాపలు పరిచారు. ప్రధానమంత్రి వచ్చారు. లక్షల మంది ఒకేసారి చేశారు. మన పద్మనాభం మండలం నుంచి కూడా బస్సుల్లో తెల్లవారకముందే బయలుదేరి వెళ్ళారు. బాగుంది. అంతమంది ఒకేచోట ఒళ్ళు కదిలించడం నాకు సంతోషమే. కాని మన కొండ మీది స్వామి దీపోత్సవానికి ఏటా కార్తీక అమావాస్య నాడు పన్నెండు వందల పైచిలుకు మెట్లు చూసినవారికి ఒక సంగతి తెలుసు. ఏడాదంతా కదలకుండా ఉండి ఆ ఒక్క రోజు మెట్లన్నీ ఎక్కితే ఆరోగ్యం రాదు, ఆయాసం వస్తుంది. ఒంటికి ఒక్కరోజు లెక్కలోకి రాదు.

అదే 2025 జూన్ నెలలో ఇంకో వార్త కూడా వచ్చింది. అంతగా ఎవరూ పట్టించుకోలేదు. కర్మాగారాల్లో రోజుకు గరిష్ఠ పని గంటలను 9 నుంచి 10కి పెంచాలని, విశ్రాంతి ఇవ్వకుండా వరుసగా చేయించగల గంటలను 5 నుంచి 6కి పెంచాలని మన రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. పెట్టుబడులు రావాలి, ఉద్యోగాలు రావాలి అన్నారు. అవి రావాలనే నేనూ కోరుకుంటాను, మన పిల్లలకు పని కావాలి. కాని నర్సుగా ఒక మాట అడుగుతాను. అయిదో గంట నుంచి ఆరో గంట దాకా యంత్రం దగ్గర నిలబడిన మనిషి ఆ గంటలో పోగొట్టుకున్నది చాప మీద తిరిగి వస్తుందా? 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి వేసిన లెక్క ప్రకారం, వారానికి 55 గంటలు లేదా అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం వచ్చే అవకాశం 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో చనిపోయే అవకాశం 17 శాతం ఎక్కువ. 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోల్చి చెప్పారు. పొడుగు గంటలకు మందు పొట్టి గంటలే.

ప్రభుత్వానికి మంచి ఆలోచనలు లేవని కాదు. కేంద్ర ఆయుష్ శాఖ పనిచోట అయిదు నిమిషాల యోగా విరామం అని ఒకటి తయారుచేసింది. వై-బ్రేక్ అంటారు. 2021 సెప్టెంబరులో దానికి ఫోను యాప్ కూడా విడుదల చేశారు. లేచి నిలబడి చేతులు పైకి చాచడం, భుజాలు తిప్పడం, నడుము తిప్పడం, దీర్ఘంగా ఊపిరి తీసుకోవడం, భ్రామరి. అయిదు నిమిషాల్లో అయిపోతుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులను చేయమని ప్రోత్సహించారు. అందులో నాకు నచ్చింది ఒకటే: అది పనిచోట, పని వేళలో. కుర్చీ దగ్గరే. ఇంటికి వెళ్ళే మనిషిని ఆపి చేయించేది కాదు. ఆఫీసు గుమాస్తాకు ఇవ్వగలిగిన ఆ అయిదు నిమిషాలు కాంట్రాక్టు కార్మికుడికి, అచ్యుతాపురంలో కుట్టుమిషను ముందు కూర్చునే ఆడపిల్లకు, రాత్రి డ్యూటీ నర్సుకు ఎందుకు ఇవ్వలేము?

మన పాఠకుల్లో స్టీల్ ప్లాంటు కుటుంబాలు ఉన్నాయి. 2021 జనవరి 27న ప్లాంటును అమ్మే ప్రతిపాదనకు కేంద్రం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపినప్పటి నుంచి, 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించే వరకు, ఆ తర్వాత కూడా, నిద్ర పట్టడం లేదని, గుండె దడ అని, కడుపులో మంట అని వచ్చిన వారిని నేను చూశాను. ఇ.సి.జి. బాగానే ఉంటుంది. ఎండోస్కోపీ బాగానే ఉంటుంది. అడిగితే చివరికి చెబుతారు, "ఉద్యోగం ఉంటుందో ఉండదో తెలియదమ్మా" అని. పైగా ఎ, బి, సి షిఫ్టులు మారే ఒళ్ళు. ఆ మనిషికి నేను తాయ్ చీ చేయండి, ఒత్తిడి పోతుంది అంటే అది అబద్ధం. నెమ్మదిగా ఊపిరి వదిలితే నాడి నిదానిస్తుంది, ఆ రాత్రికి కొంచెం నిద్ర పట్టవచ్చు. ఉద్యోగం గురించిన భయం తెల్లారేసరికి మళ్ళీ మంచం పక్కనే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో పనిచోట మానసిక ఆరోగ్యం గురించి మార్గదర్శకాలు ఇచ్చినప్పుడు వ్యాయామం ఒక్కటే చెప్పి ఊరుకోలేదు. పనిభారం, పైవారి ప్రవర్తన వంటి కారణాలను కూడా సరిచేయాలని చెప్పింది. ఈ రెండో సగాన్ని బ్యానరు మీద ఎవరూ రాయరు.

మన దగ్గర ఎలా జరుగుతోందో దాపరికం లేకుండా చెబుతాను. పదిన్నర వేళను ఎన్నుకోవడానికి కారణం, అప్పటికి డాక్టరుగారి రౌండ్లు, డ్రెస్సింగులు, ఉదయపు ఇంజెక్షన్లు అయిపోతాయి. సగం మంది వెళ్తే సగం మంది వార్డు చూస్తారు, మర్నాడు వారు వెళ్తారు. రాత్రి డ్యూటీవారికి తెల్లవారుజామున మూడింటి ప్రాంతంలో, రోగులు నిద్రలో ఉన్నప్పుడు, డ్యూటీ గదిలోనే పది నిమిషాలు. అదీ వీలైతేనే. ఉదయం చార్జి అప్పగించాక ఒక్క నిమిషం కూడా ఎవరినీ ఆపను. మొదటి నెలలో సగం రోజులు జరగలేదు. గంట మోగేది, అంబులెన్సు వచ్చేది. నేనే రెండుసార్లు, "ఈరోజు వద్దులే, పని ఉంది" అన్నాను. వానాకాలంలో జ్వరాలు ముమ్మరంగా వచ్చినప్పుడు వారం రోజులు పూర్తిగా మానేశాం. వారం తర్వాత సోమవారం నాడు, ఆ బకెట్ల ఆయమ్మ నా గది గుమ్మం దగ్గరికి వచ్చి, "పదిన్నరైందండమ్మగారు" అని నిలబడింది. ఫిమేల్ వార్డులో ఇద్దరే నర్సులున్నారు. మందుల బీరువా తాళాలు నేను తీసుకుని వార్డులో కూర్చున్నాను, వాళ్ళను పంపాను.

ఒత్తిడి ఎంత తగ్గిందని అడిగితే నా దగ్గర లెక్కల్లేవు. కొందరు నడుము నొప్పి తగ్గిందంటున్నారు. ఒకమ్మాయి తేడా ఏమీ లేదంది. గొంతులు కొంచెం తగ్గాయని మాత్రం రోగులు చెప్పారు. మా నర్సులు విసుక్కోరని నేను అనను, మునుపటికంటే తక్కువ విసుక్కుంటున్నారు.

చేయాలనుకునేవారికి మూడు కదలికలు చెబుతాను. పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి నిలబడండి. మోకాళ్ళు బిగించవద్దు. చేతులు శరీరానికి ముందు నుంచి, నీటి మీద తేలుతున్నట్టు, నాలుగు అంకెలు లెక్కపెట్టేంత సేపట్లో భుజాల ఎత్తుకు తీసుకురండి. భుజాలు మాత్రం పైకి లేవకూడదు. మళ్ళీ నాలుగు అంకెలకు దించుతూ, మోకాళ్ళు రెండు మూడు అంగుళాలు వంచండి. ఇది ఎనిమిదిసార్లు. రెండోది, అలాగే నిలబడి బరువంతా కుడికాలి మీదికి మార్చండి, ఎడమ పాదం తేలికైపోయేదాకా. తర్వాత ఎడమకు. కూజాలోంచి కూజాలోకి నీళ్ళు వంచినట్టు, ఒలకకుండా. మూడోది, నడుమును మెల్లగా కుడికి తిప్పుతూ కుడిచెయ్యి ముఖం ఎత్తున, ఎడమచెయ్యి బొడ్డు ఎత్తున పోనివ్వండి. ఎడమకు తిరిగేటప్పుడు చేతులు మారతాయి. చైనావారు దీన్ని మబ్బుల చేతులు అంటారు. ఊపిరి బిగబట్టవద్దు, దానంతట అదే వస్తూ పోతూ ఉండాలి. ముక్కుతో తీసి, తీసినదానికంటే నిదానంగా వదిలితే చాలు.

చీర కట్టుకున్నవారు కుచ్చిళ్ళు కొంచెం పైకి దోపుకోండి, కాలికి తగిలి పడతారు. షుగరు ఉండి అరికాళ్ళు మొద్దుబారినవారు వట్టి కాళ్ళతో చేయవద్దు, చెప్పులు గాని బూట్లు గాని ఉండాలి. కళ్ళు తిరిగేవారు, డెబ్బై దాటినవారు గోడకు దగ్గరగా, లేదా కుర్చీ వీపు పట్టుకుని చేయండి. మోకాలు అరిగినవారు వంచడం మానేసి బరువు మార్చడం మాత్రం చేయండి. గర్భిణులు కూర్చుని చేతుల కదలిక చేస్తే చాలు. ఛాతీలో నొప్పి, ఎడమచెయ్యి లాగడం, చెమటలు ఉంటే అది ఒత్తిడి అనుకుని చేతులు ఊపుతూ నిలబడవద్దు. వెంటనే ఆసుపత్రికి రండి.

మీ పనిచోట మొదలుపెట్టాలనుకుంటే, బడిగాని, కోళ్ళఫారంగాని, ఆఫీసుగాని, మా ఫిజియోథెరపీ గదికి మధ్యాహ్నం రండి, నేర్పుతాం. రుసుము లేదు. వచ్చేటప్పుడు ఒక్కరే రావద్దు. డ్యూటీ చార్టు రాసేవారిని, మేస్త్రీనో సూపర్‌వైజరునో హెడ్మాస్టరుగారినో కూడా వెంటబెట్టుకుని రండి. కదలికలు మీకు ఒక్క పూటలో వస్తాయి. ఆ పది నిమిషాలు ఎక్కడి నుంచి తేవాలో మాట్లాడవలసింది వారితోనే.